డాబా తూము

సెప్టెంబరు చివరి వారం. అలెగ్జాండ్రియాలో సముద్రం నూనె పోసినట్టు కదలకుండా పడి ఉంది. వేసవికి వచ్చిన కైరో జనం ఎప్పుడో వెళ్ళిపోయారు. బహరీ వీధుల్లో తోపుడు బళ్ళ నిండా ఎర్ర ఖర్జూరాలు, జామకాయలు. ఆకు కదలదు. చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్క. సిలువ పండుగ గాలివాన ఏటా ఈ రోజుల్లోనే వస్తుంది. జాలరులు పడవలు ఒడ్డుకి లాగి తాళ్ళు బిగించుకుంటున్నారు.

ప్లంబరు షెహాతా వీధి మొగలో టీ తాగుతుండగా ఫోను మోగింది. ఇంటి యజమాని హాజీ మెత్వల్లి.

"ఒరే షెహాతా, మూడో అంతస్తు గదిలో కప్పు కారుతోందిరా."

"చినుకు పడందే కారడమేంటి హాజీ?"

"అదేగా నేనూ అడిగేది! నీ పనితనం తగలెయ్య, వచ్చి చూడు."

ఆ గది మాట వినగానే షెహాతా నోట్లో టీ చేదెక్కింది.

నిరుడు ఆ గదిలో ఇనాయత్ అనే ముసలావిడ ఒంటరిగా ఉండేది. మొగుడి కాలం నాటి అద్దె ఒప్పందం. ఆవిడ బతికుండగా కదిలించడానికి చట్టం ఒప్పుకోదు. ఇల్లు ఖాళీ చేయించి, పడగొట్టి, పెద్ద మేడ లేపాలని హాజీ ఆశ. "డాబా మీద తూము మూసెయ్. మొదటి వానకే కప్పు నానుతుంది. ముసల్ది హడలిపోయి కూతురింటికి పోతుంది. అంతే," అన్నాడు. షెహాతా తూములో గుడ్డలు కుక్కి పైన సిమెంటు మెత్తాడు.

పని సగంలో ఉండగా ఇనాయత్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో పుదీనా వేసిన టీ.

"కప్పు బాగుచేయించమని మూడేళ్ళు మొత్తుకున్నా బాబూ, ఇన్నాళ్ళకి మీ హాజీకి జాలి కలిగింది. వాన పడితే నేలంతా గిన్నెలు పరిచి, తలగడ మీద నా రాగి గిన్నె పెట్టుకుని కూచునేదాన్ని. నీ చేతులు చల్లగుండ! ఈసారి వానకి నిశ్చింతగా పడుకుంటా."

షెహాతా ఆ టీ చివరి గుక్క దాకా తాగాడు. ఆవిడ మొహం మాత్రం చూడలేదు.

అయిదో రోజు వాన కొట్టింది. ఇనాయత్ అన్నట్టుగానే నిశ్చింతగా పడుకుంది. కప్పు ఆవిడ మీద కూలింది. జనం పోగయ్యేలోపు షెహాతా పరిగెత్తి, మిగిలిన డాబా ఎక్కి, సిమెంటు పగలగొట్టి గుడ్డలు లాగేశాడు. పాత ఇల్లు, పెద్ద వాన అనుకున్నారు అందరూ. మిగతా కాపురాలు భయంతో ఖాళీ చేశాయి. పడగొట్టే అనుమతి ఇంకా రాలేదు. అందాకా హాజీ కొత్త కప్పు వేయించి, ఆ గదిలోనే సోఫా వేసుకుని హుక్కా పీలుస్తున్నాడు.

షెహాతా వెళ్ళేసరికి మూడున్నర. గదిలో తడి సున్నం వాసన గుప్పుమంది. కొత్త కప్పు నడిమధ్య నిండు చూలాలి పొట్టలా ఉబ్బి ఉంది. దాని కొసనుంచి ఒక్కో చుక్కా జారుతోంది.

"పైన గొట్టమేదైనా ఉందా?"

"ఏ గొట్టమూ లేదు. పొద్దున్నుంచీ ఇదే వరస. ఎక్కి చూడరా, నసపెట్టక."

డాబా ఎండకి కాలిపోతోంది. ఎక్కడా చెమ్మ లేదు. షెహాతా తూము దగ్గర మోకాళ్ళ మీద కూచుని లోపలికి చూశాడు. గుడ్డ. తను నిరుడు పీకి పారేసిన గుడ్డే.

మోచేతి దాకా చెయ్యి దూర్చి పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త దూర్చాడు.

లోపల... ఏదో అతని వేళ్ళ మధ్యకి వేళ్ళు జొనిపింది.

చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. సన్నని, ముడతల వేళ్ళు. మంచులా ఉన్నాయి. గట్టిగా పట్టుకున్నాయి. చెయ్యి చంక దాకా తూములోకి దిగిపోయింది. చెంప డాబాకి ఆనుకుంది.

అప్పుడు గాలి లేచింది. వాయవ్యం నుంచి, ఒక్కసారిగా. సముద్రం మీద నల్లటి మబ్బు పరుగున వచ్చి ఎండని మింగేసింది. చినుకులు... వెంటనే ధార. నీళ్ళు నాలుగు మూలలనుంచీ తూము వైపు పరిగెత్తుకొచ్చాయి. పోవడానికి దారి లేదు. దారికి అడ్డంగా తన చెయ్యే ఉంది.

కింద ఏదో పెళపెళలాడింది.

"షెహాతా! కప్పు దిగిపోతోందిరా! నీళ్ళు వదులు!"

"రావట్లేదు హాజీ... బయటికి పో... బయటికి పో!"

"తలుపు బిగుసుకుపోయింది! ఒరేయ్... వదలరా!"

నీళ్ళు షెహాతా చెవిని ముంచాయి. పెదవి అంచుకి వచ్చాయి. ఏడుస్తూ గుంజాడు. భుజం కీలు చిటుక్కుమంది. నీళ్ళలో మునిగిన చెవికి ఓ గుసగుస ఆయాసంగా వినిపించింది.

"కదలకు బాబూ... ఇంకొంచెమే..."

డాబా నడిమి భాగం కుంగింది. నీళ్ళన్నీ ఒక్క ఊపున అటు మళ్ళాయి. కింద పెద్ద చప్పుడు. హాజీ కేక సగంలో ఆగిపోయింది. తర్వాత వాన చప్పుడొక్కటే.

వేళ్ళు... ఒక్కొక్కటే... వదిలాయి.

అంచు మీద పడి ఉన్న షెహాతాని ఎదురింటివాళ్ళు దించారు. పోలీసులు వచ్చి రాసుకున్నారు. పాత ఇల్లు, పెద్ద వాన. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. భుజానికి కట్టు కట్టించుకుని, దీపాలు పెట్టేవేళకి కర్మూజ్‌లోని తన ఇంటికి చేరాడు. రెండో అంతస్తు. పైన ఇంకో నాలుగు కాపురాలున్నాయి. ఆ ఇంటి కప్పు ఏనాడూ కారలేదు.

తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

నేలంతా గిన్నెలు. అన్నం కుండ, బట్టలు నానేసే బేసిన్లు, పిల్లల టీ కప్పులు... ఇంట్లో ఉన్న పాత్రలన్నీ బోర్లించకుండా, వెల్లకిలా, వరసగా పేర్చి ఉన్నాయి. పైన కప్పు పొడిగానే ఉంది.

భార్య నబవియ్యా వంటింట్లోంచి విసుగ్గా వచ్చింది.

"ఏమయ్యా, మధ్యాహ్నం వచ్చి ఇదంతా ఎందుకు పరిచి పోయావు? వండుకోవడానికి ఒక్క గిన్నైనా మిగల్చలేదు."

"నేను... ఇప్పుడే కదే వస్తున్నా."

షెహాతా మెల్లగా పడకగదిలోకి నడిచాడు. మంచం మీద, సరిగ్గా అతని తలగడ నడుమ, చిన్న రాగి గిన్నె ఒకటి ఉంది.

అది వాళ్ళింటిది కాదు.