చప్పుడు లేని ఉనికిచిత్రం

వరహాలు డయల్‌ని మళ్లీ వరస మోడ్‌కి తిప్పాడు. నీళ్ల మీద తేలే పదో నంబరు పంటు మీద పొద్దున్నుంచీ నలభై ఒక్కమంది ఉనికిచిత్రాలు తీశాడు. ఒక్క నొక్కుకి కెమెరా టకటకమని పన్నెండు ఫ్రేములు తీస్తుంది. వాటిలో రెప్ప వాలిందా, ఛాతీ లేచిందా అని నిర్ధారిణి యంత్రం చూసుకుంటుంది. కదిలితే మనిషి, కదలకపోతే బొమ్మ. పోయినవాళ్ల మైనపు బొమ్మల్ని కూర్చోబెట్టి కొందరు మంచినీళ్ల వాటా పట్టుకుపోయినప్పటినుంచీ ఇదే పద్ధతి.

డయల్ మీద ఇంకో మూడు గీతలున్నాయి. ఒంటి మోడ్ పెళ్లిళ్లకి. టైమర్ అంటే ఎవరూ నొక్కలేదని. మౌనంలోనూ పన్నెండు ఫ్రేములే, కానీ మనిషికి తెలిసే చప్పుడుండదు, అంటే దొంగతనం.

నలభై రెండో మనిషి మంగతాయి. ఎనభై దాటాయి. అప్పటికే రెండుసార్లు తీశాడు. రెండుసార్లూ నిర్ధారిణి ఎర్రగా 'నిశ్చలం' అని చూపించింది. మూడోసారీ అంతే అయితే సాయంత్రానికి ఆమె పేరు కొట్టేస్తారు. పేరుతో పాటు పంటు మీద చోటూ, తాగే నీళ్లూ పోతాయి.

ఆమెకి జబ్బేమీ లేదు. మొదటి టక్ వినపడగానే వెన్ను నిటారు చేసి, కళ్లు విప్పార్చి, ఊపిరి బిగబడుతోంది. మామూలుగా ఉండమని వరహాలు బతిమాలాడు. మామూలుగానే ఉన్నానంది. పోనీ దగ్గమంటే, ఫోటోలో ఎవరైనా దగ్గుతారా అని మందలించింది.

"ఇదంతా ఎవరు నేర్పారు మామ్మా?"

"ఇంకెవరు, మా ఆయనే, మీ తాతయ్య. స్టూడియో ఉండేది కదా మాకు. కదిలితే రీలు దండగని తొడపాశం పెట్టేవోడు."

వరహాలు వేలు డయల్ మీద మౌనం గీత దగ్గరికి వెళ్లింది. ఇరవై ఏళ్లుగా ముట్టని గీత అది. ఉప్పు పట్టి బిగుసుకుపోయింది.

"మరి తాతయ్య ఫోటో ఎవరు తీశారు?" అన్నాడు, తిప్పుతూ.

"నేనే. తలకాయ లేకుండా వచ్చింది."

చెప్పి ఆమె నవ్వింది. భుజాలు ఊగాయి, కళ్లు మూతలు పడ్డాయి, ఆయాసంతో గుండెలు ఎగసిపడ్డాయి. వరహాలు నొక్కాడు. ఏ చప్పుడూ రాలేదు.

నిర్ధారిణి రెండు ముక్కల్లో తేల్చేసింది. జీవం ఉంది. అనుమతి చప్పుడు లేదు గనక చిత్రం చెల్లదు.

మూడు అవకాశాలూ అయిపోయాయి. వరహాలు మెడలోని లైసెన్సు బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. జరిగింది నెమ్మదిగా ఆమెకి చెప్పి, ఫిర్యాదుల మైకు ఆమె ముందుకి జరిపాడు.

"నా మీద ఫిర్యాదు చెయ్యి మామ్మా. చెప్పకుండా ఫోటో తీశాడని చెప్పు."

"నీ ఉద్యోగం పోదూ?"

"పోద్ది. కానీ పోయినోళ్ల దగ్గర ఈ యంత్రం ఫిర్యాదు తీసుకోదు. నీ దగ్గర తీసుకుందంటే నువ్వున్నట్టే."

 మంగతాయి మైకు దగ్గరికి వంగి, ఈ వరహాలు తాను నవ్వుతుండగా దొంగచాటుగా ఫోటో తీశాడనీ, తనకి న్యాయం కావాలనీ చెప్పింది.

నిర్ధారిణి ఫిర్యాదు స్వీకరించింది. ఆమె పేరు పక్కన పచ్చదీపం వెలిగింది. ఎర్రదీపం ఆరలేదు. రెండూ వెలుగుతూనే ఉన్నాయి. ఏది నిజమో తేలక పదో నంబరు పంటు జాబితా మొత్తం, కొట్టివేతలతో సహా, అక్కడే ఆగిపోయింది.

వరసలో వెనక నుంచి అప్పలకొండ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అతనిదీ నిన్న రెండుసార్లు నిశ్చలమే.

"నాక్కూడా చెప్పకుండానే తియ్యి బాబూ," అన్నాడు.

వరహాలు లైసెన్సు బిళ్ల వైపు చూడలేదు. డయల్ మౌనం మీదే ఉంది.