కొలత తెలియని చెయ్యి

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తగారు వడ్డించిన దాంట్లో నాలుగు చెంచాలు తిని, కోడలు గిన్నె పక్కకు జరిపేసింది. అంతే... పెద్దావిడ ముఖం మాడిపోయింది. ఆ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, మిగిలింది చెత్తబుట్టలో వంపేసింది. తన కోసం వడ్డించుకున్న కంచం మీద కూడా మూత పెట్టేసి గది వైపు నడిచింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక్కమాట మాత్రం అంది.

“ఇన్నేళ్ళలో వందలమంది తిన్నారు నా చేతి వంట. విషం పెట్టానని ఎవరూ అనలేదమ్మా.”

విషమని కోడలు మాత్రం ఎప్పుడంది? భర్త తలెత్తలేదు. తొమ్మిదేళ్ళ కూతురు, ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే పిల్ల, అమ్మ వైపూ మూసుకున్న తలుపు వైపూ మార్చి మార్చి చూసి, తన కంచంలోది గబగబా తినేసింది. ఇక తను కూడా మిగిలిస్తే ఇల్లు కూలిపోతుందేమో అన్నట్టు!

అత్తగారు మామూలు మనిషి కాదు. చిన్న వయసులోనే భర్త పోతే, ఒక పెద్ద కర్మాగారం క్యాంటీన్‌లో గరిటె పట్టుకుని కొడుకును పెంచి పెద్దచేసింది. షిఫ్టు దిగి వచ్చే కార్మికులంతా ఆమెను క్యాంటీనమ్మ అనేవారు. మనం ‘చాలమ్మా’ అంటే ఆవిడ చెవికి ‘ఇంకొంచెం’ అని వినపడుతుంది అని వాళ్ళు నవ్వుకునేవారు. ఉద్యోగం మానేసినా ఆ చేతికి కొలత రాలేదు. నలుగురున్న ఇంట్లో పదిమందికి సరిపడా వండి, ఎవరైనా వస్తారేమో అని గుమ్మం వైపు చూసేది.

కోడలికి ఊహ తెలిసేసరికే తల్లి లేదు. పినతల్లి ఇంట్లో పెరిగింది. అక్కడ కంచంలో పడేది లెక్క ప్రకారమే. రెండోసారి అడిగితే అందరి కళ్ళూ ఆమె మీదే ఉండేవి. అలాంటి పిల్ల పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజు, అత్తగారు పక్కనే కూర్చుని, మొహమాటపడకు, ఇది నీ ఇల్లు అంటూ కొసరి కొసరి వడ్డించింది. ఆ వడ్డన ఆమె జన్మలో మరిచిపోలేదు. ఆ రోజు కడుపుతో పాటు కళ్ళూ నిండాయి... ఆ తరవాత ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్య ప్రేమంతా కంచం మీదుగానే నడిచింది. ఒకరు పెట్టడం, ఒకరు కాదనకుండా తినడం. తల్లీకూతుళ్ళు కూడా అంత అన్యోన్యంగా ఉండరని ఇరుగుపొరుగు అనుకునేవారు.

కానీ ఒళ్ళు ఊరుకుంటుందా? కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా నిలబడి కస్టమర్ల ముఖాలకు ఫ్రేములు సరిచూసే ఉద్యోగం ఆమెది. పెరిగిన బరువుకు మోకాళ్ళు మొరాయించాయి. షుగరొచ్చింది. ఇల్లు మూడో అంతస్తులో. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊరందరి లిఫ్టులూ నడిపించేవాడి ఇంటికి మాత్రం మెట్లే గతి. ప్రతి మలుపులో ఆగి, గోడకు ఆనుకుని, ఆయాసం తీరాక మళ్ళీ ఎక్కేది. అవన్నీ భరించింది. కానీ నిద్రలో ఆమె ఊపిరి ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. భర్త పక్కనే మేలుకుని, గురక ఆగిన ప్రతిసారీ కంగారుగా కుదిపి లేపేవాడు. పగలు పనిలో తూలేవాడు. చివరికి డాక్టర్లు కడుపును చిన్నది చేసే ఆపరేషన్ తప్పదన్నారు.

అత్తగారు ససేమిరా అంది. దేవుడిచ్చిన కడుపును కోయించుకోవడమేమిటని, తినే నోరు కట్టేసుకుని బతకడం ఒక బతుకేనా అని గోల పెట్టింది. ఆపరేషన్ రోజున ఆసుపత్రికి కూడా రాలేదు. కోడలు మత్తులోంచి తేరుకోగానే మొదట చూసింది గుమ్మం వైపే. ఆ కళ్ళు ఎవరి కోసం వెతుకుతున్నాయో తెలిసిన భర్త తల తిప్పుకున్నాడు.

ఆ తరవాత రోజులు ఆమె ఊహించినట్టు లేవు. మొదట్లో గుక్కెడు నీళ్ళు తాగడానికే ఒక పూట పట్టేది. ఆ తరవాత పల్చటి సూపులు, ఆపైన మెత్తగా రుబ్బినవి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, గబగబా మింగకూడదు, చాలనిపించాక ఒక్క చెంచా ఎక్కువైనా గుండెల్లో రాయి పెట్టినట్టుండేది. ఒకసారి పిడుగు ప్రేమగా పెట్టిన మిఠాయి ముక్క తిన్నందుకు చెమటలు పట్టి, గుండె దడదడలాడి మంచం పట్టింది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. అది ఎవరికీ చెప్పుకోలేదు. ఆమెకు తిండి మీద బెంగగా ఉండేది... పోయిన మనిషి మీద ఉన్నట్టు. దిగులేస్తే తినేది, సంతోషం వస్తే తినేది, అత్తగారి పక్కన కూర్చోవాలనిపిస్తే తినేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది.

ఆదివారం తలుపు వేసుకున్న అత్తగారు ఆ రాత్రి తినలేదు. మర్నాడూ సరిగా తినలేదు. కొడుకు విసుక్కుంటే, నాకూ ఆకలి చచ్చిపోయిందిలే అంది. ఆ పెద్ద ప్రాణం తన మూలంగా ఎండిపోతోందని కోడలి మనసు కొట్టుకులాడింది. ఇంకా గట్టి ఆహారం తినే దశ రాలేదని, మాంసం అసలు ముట్టొద్దని డాక్టరు చెప్పిన సంగతి ఆమెకు తెలుసు. అయినా ఆ సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, వంటింట్లో పీట వేసుకుని, అత్తగారు పొయ్యి మీంచి దింపిన మాంసం కూర ఇలా పెట్టండి అత్తయ్యా అంది. పెద్దావిడ ముఖం విప్పారింది. ఆ వెలుగు చూడటానికే కోడలు ఒక ముద్ద మింగింది. ఇంకొకటి మింగింది. మూడోది సరిగా నమలకుండానే మింగి, దిగక, నీళ్ళు తాగింది...

గుండెల మధ్య మేకు దిగినట్టయింది. నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరింది. వాంతి వస్తోంది కానీ ఏమీ రావడంలేదు. గోడ పట్టుకుని లేవబోయి అత్తగారి కాళ్ళ దగ్గరే కూలబడింది. పిడుగు కేక విని భర్త పరుగెత్తుకొచ్చాడు. కింది ఇంటాయన సాయంతో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మూడు అంతస్తులూ మోసుకుంటూ దించాడు. వెనకాలే, చెప్పులు కూడా లేకుండా, అత్తగారు.

ఆసుపత్రిలో గొట్టం వేసి చూసి, అడ్డం పడ్డ ముక్కను తీసేశారు. లోపలి కుట్లకు ఏమీ కాలేదని, అదృష్టం బాగుందని డాక్టరు చెప్పి వెళ్ళాడు. అప్పటిదాకా బిగపట్టుకున్న భర్త తల్లి మీద విరుచుకుపడ్డాడు. ఇక నా భార్యకు నీ చేత్తో ఏదీ పెట్టొద్దన్నాడు. ప్రేమతో చంపేస్తావా అన్నాడు. ఆ మాటకు పెద్దావిడ నిలబడ్డచోటే బల్ల అంచు పట్టుకుంది.

“అత్తయ్యను అనకండి,” అంది కోడలు నీరసంగా. “ఆవిడ బలవంతపెట్టలేదు. నేనే అడిగి తిన్నాను.”

అతను నమ్మలేదు. మందులు తేవడానికి విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. గదిలో అత్తాకోడళ్ళే మిగిలారు. అత్తగారు చాలాసేపు కోడలి పాదాల దగ్గరున్న దుప్పటి అంచును మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. ఆ తరవాత, ఎవరితోనో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

“వాడికి ఒక అక్క ఉండేది, తెలుసుగా. జ్వరమొచ్చి పోయిందని చెప్పాను. అది నాలుగు రోజుల జ్వరం కాదమ్మా... నెలల తరబడి సాగింది. రక్తంలో జబ్బు. మొదట్లో కంచం నిండా తినేది. ఆ తరవాత సగం. ఆపైన రెండు ముద్దలు. ఆఖరికి చెంచాతో పోసేదాన్ని. చాలమ్మా అని గిన్నె పక్కకు జరిపేసేది. అచ్చం నువ్వు జరిపినట్టే. ఒక చెంచా తగ్గినప్పుడల్లా నా బిడ్డ అంతమేర పోయినట్టే అనిపించేది. వీడు అప్పటికి పాకుతున్నాడు, వీడికేం తెలుసు. అది పోయాకే నేను క్యాంటీన్‌లో చేరాను. ఎవరు చాలన్నా నా చెయ్యి ఆగేది కాదు.”

కోడలి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ఇన్నేళ్ళు ఆ చేతి అన్నం తింటూ, ఆ చెయ్యి ఎవరి కోసం అంతలా తాపత్రయపడుతోందో తనకు తెలియనే తెలియలేదు. ఆమె కష్టం మీద చెయ్యి చాపి అత్తగారి వేళ్ళు పట్టుకుంది.

“అత్తయ్యా, ఆ పాప తగ్గుతూ తగ్గుతూ వెళ్ళిపోయింది. నేను తగ్గితే ఉంటాను. మీ దగ్గర, పిడుగు దగ్గర ఇంకా చాలాకాలం ఉండాలనే కదా కోయించుకున్నాను.”

“తెలుసమ్మా. తలకు తెలుసు. చేతికే తెలియడంలేదు.”

కాసేపయ్యాక పెద్దావిడ, ఈ సంగతి వాడితో అనకు అని మాట తీసుకుంది. తను పెట్టిందే తిని పెరిగినవాడు, ఈ చెయ్యి ఒక బిడ్డకు తినిపించలేక ఓడిపోయిందని వాడికి తెలియనివ్వకు అంది. కోడలు తలూపింది.

ఆ మాట నిలబెట్టుకోవడం తేలికేం కాలేదు. ఇంటికొచ్చాక భర్త తల్లితో ముభావంగా ఉండిపోయాడు. భార్య తిండి తనే చూసుకుంటానని వంటింట్లో చేరాడు. లిఫ్టు మోటారు విప్పి బిగించగలడు కానీ, సూపులో ఉండలు లేకుండా చేయడం అతని వల్ల కాలేదు. ఒకసారి అడుగంటించాడు, ఒకసారి ఉప్పు మరిచాడు. మూడోనాటికి కోడలు మెల్లగా, నాకు అత్తయ్య చేతిదే కావాలండీ అంది. ఇంత జరిగాక కూడానా అని అతను మండిపడ్డాడు. కారణం నాలిక చివరిదాకా వచ్చినా ఆమె మింగేసి, నా మాట మీద నమ్మకం ఉంచండి అని మాత్రం అంది. తల్లికి వత్తాసు పలుకుతోందని అతను అలిగి గరిటె వదిలేసినా ఓర్చుకుంది.

తరవాతి పరీక్షకు వెళ్ళినప్పుడు అత్తగారు కూడా బయలుదేరింది. డైటీషియన్ అమ్మాయి ముందు కూర్చుని, వంటమనిషి అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగింది. ఎంత మెత్తగా ఉండాలి, గుడ్డు ఏ పదునులో దించాలి, చేప ఆవిరి మీద ఉడికిస్తే గట్టిపడదా, నూనె లేకపోతే రుచి ఎక్కడినుంచి తేవాలి? ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఇంటికొచ్చి పెద్దావిడ మొదటిసారి చేసిన కూరగాయల సూపు ఎంతయిందంటే, కోడలు తాగినంత తాగగా మిగిలింది మూడు అంతస్తులకూ పంచాల్సి వచ్చింది. పిడుగు గిన్నెలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ, మా అమ్మకు ఆపరేషన్ అయింది, మీరు తాగండి అని చెప్పింది. అది విని కోడలు కుట్లు నొప్పెట్టేలా నవ్వింది.

చెయ్యి మెల్లమెల్లగా కుదురుకుంది. అత్తగారు చిన్న గిన్నె కొనుక్కుని, దాంట్లో కోడలొక్కదానికే వండటం నేర్చుకుంది. ఎదురుగా కూర్చుని తనూ అంతే నెమ్మదిగా నమిలేది. తొందరపడితే పిడుగు, నమలాలి నాన్నమ్మా, మింగకూడదు అని గదమాయించేది. కోడలు చాలు అన్నప్పుడు పెద్దావిడ వేళ్ళు గరిటె మీద ఒక్క క్షణం బిగుసుకునేవి. ఆ క్షణం దాటేదాకా కోడలు ఆమె వైపే చూస్తూ ఉండేది. అప్పుడు ఇద్దరూ ఏదో ఒక మాట అందుకునేవారు... దుకాణంలో కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని దానికోసమే వెతికిన పెద్దమనిషి గురించో, కింది ఇంటి పిల్లి గురించో. తిండి అయిపోయాక కూడా ఇద్దరూ అక్కడే కూర్చుంటున్నారని ఒకరోజు కోడలికి తోచింది. గిన్నె ఖాళీ, మాటలు మాత్రం కాదు.

ఆసుపత్రిలో అప్పుడప్పుడు ఒక సమావేశం జరిగేది. ఆపరేషన్ అయినవాళ్ళూ వాళ్ళ ఇంటివాళ్ళూ ఒక హాల్లో కూర్చుని మంచీచెడూ చెప్పుకునేవారు. ఆ రోజు ఇంటిల్లిపాదీ వెళ్ళారు. వాళ్ళ ముందు వరసలో ఒక కుర్రాడి తల్లి లేచి మాట్లాడబోయి ఏడ్చేసింది. కొడుకు తన కళ్ళముందే చిక్కిపోతున్నాడని, నాలుగు చెంచాలతో మనిషెలా బతుకుతాడని, తను చూడలేకపోతున్నానని అంది. నర్సు సర్దిచెప్పింది. డైటీషియన్ వివరించింది. ఆవిడ చెవికి ఏదీ ఎక్కలేదు.

అప్పుడు అత్తగారు లేచింది. కుర్చీల మధ్యనుంచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది. వెనక కుర్చీలో తన కొడుకున్నాడన్న సంగతి మరిచిందో, మరవకుండానే చెప్పిందో ఎవరికి తెలుసు? తన ఆడపిల్ల గురించి మొదటినుంచీ చెప్పింది. కంచం, సగం కంచం, రెండు ముద్దలు, చెంచా... ఆ కుర్రాడి తల్లి ఏడుపు ఆపి వింటోంది.

“తగ్గడమంటే నాకూ పోవడమే అనిపించేదమ్మా,” అంది చివరికి. “నీ కొడుకు పోవడంలేదు. చూడు, నీ పక్కనే ఎంత నిటారుగా కూర్చున్నాడో. తిండి చూడకు. వాణ్ణి చూడు.”

భర్త కదలకుండా కూర్చుండిపోయాడు. కాసేపటికి భార్య వైపు తిరిగి, నీకు తెలుసా అని అడిగాడు. ఆమె తెలుసన్నట్టు తలూపింది. ఇన్నాళ్ళూ తన కోపాన్ని ఈమె ఎందుకు నోరు మూసుకుని భరించిందో అతనికి అప్పుడర్థమైంది. ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, ముఖం దాచుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో అతను వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. కోడలూ పిడుగూ వెనక సీట్లో కూర్చున్నారు. చాలాదూరం వెళ్ళాక అతను నెమ్మదిగా అడిగాడు.

“అమ్మా... అక్క ఎలా ఉండేది?”

పెద్దావిడ కిటికీ వైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కోడలు ముందుకు వంగిచూస్తే, నవ్వుతోంది. ఎత్తుకోవడం చేతకాక నిన్ను బుట్టలో కూర్చోబెట్టి ఇల్లంతా ఈడ్చేదిరా అంది. నువ్వు ఏడిస్తే అదీ ఏడ్చేది, ఎవరు ముందు మొదలుపెట్టారో తెలిసేది కాదు అంది. పక్కింటావిడ నడకను అనుకరించేదని, ఒక పాటకు సొంతంగా మాటలు కట్టి పాడేదని, చీకటంటే భయం లేదు కానీ కోడిపుంజంటే భయమని... ఒకదాని వెనక ఒకటి, ఇన్నేళ్ళు బిగించి ఉంచిన మూత తీసినట్టు చెప్పుకుపోతోంది. పిడుగు సీటు మీంచి మెడ చాపి, ఇంకా చెప్పు నాన్నమ్మా అంటోంది.

వాళ్ళు దిగాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. కోడలు గమనించింది. కానీ ఎవరికీ చెప్పలేదు.