ఆవంలో కాలిన బొమ్మ

రేగడిపురానికి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు పిల్లలూ! ధూమ్రకేశి అనే రాక్షసి ఊదిన ఒక్క ఊపిరికి రాజుగారితో సహా జనమంతా జానెడేసి మట్టిబొమ్మలైపోయారు. మట్టి తవ్వడానికి వాగుకు వెళ్లిన కుమ్మరిపిల్ల నూకాలు ఒక్కతే మిగిలింది.

తిరిగొచ్చేసరికి వాకిట్లో తల్లి బొమ్మ, ఆకాశంలో కారుమబ్బు! పచ్చిమట్టి వానకు నిలవదని కుమ్మరివాళ్లకు ఒకరు చెప్పాలా? బొమ్మలన్నిటినీ కోట నేలమాళిగలోకి చేర్చింది. అక్కడా చెమ్మ తగులుతుందేమోనని తల్లి విషయంలో మాత్రం మనసొప్పలేదు. ఉన్న కాసిని పిడకలూ పేర్చి, కుండలు కాల్చే ఆవంలో పెట్టి ఎర్రగా కాల్చింది. "ఇంక నీకేం కాదులే అమ్మా" అని బొమ్మను ముద్దుపెట్టుకుని, శాపం తీర్చేవాళ్లను వెతుక్కుంటూ బయలుదేరింది.

ముళ్లడవిలో పాదాలు చీలాయి. నిప్పులు కక్కే పామును ఒళ్లంతా బురద పూసుకుని దాటింది. ఏడో కొండ మీద, ఊట పక్కన ఒక ముసలి ముని కనిపించాడు.

"ఈ నీళ్లలో బొమ్మల్ని నానబెట్టు తల్లీ. మట్టి మెత్తబడగానే మనిషి లేస్తాడు" అన్నాడాయన, ఆమె గోడంతా విని.

"మా అమ్మ భద్రంగా ఉంది తాతా. కాల్చి దాచాను."

ముని చేతిలోని చెంబు జారిపోయింది. "అయ్యో, ఎంత పని చేశావే! రాక్షసి మార్చింది రూపాన్నే. పచ్చికుండ పగిలితే నానబెట్టి మళ్లీ కుండ చేస్తారు కదా? కాలిన పెంకు ఎన్నాళ్లు నానినా మళ్లీ మట్టి అవుతుందా? నిప్పు ఆ మట్టినే మార్చేసింది."

"రాక్షసి కూడా చెయ్యని పని నేను చేశానా తాతా?" అంటూ నూకాలు నేల మీద పడి ఏడ్చింది.

అయినా నీళ్లు మోసుకొచ్చింది. నేలమాళిగలోని బొమ్మల్ని నానబెట్టగానే ఊరంతా లేచింది. రాజుగారు సంతోషం పట్టలేక, "అర్ధరాజ్యం నీదే, నా కోడలివి కూడా నువ్వే" అన్నారు.

నూకాలు ఆ మాట వినిపించుకోలేదు. మిగిలిన నీళ్లలో తల్లి బొమ్మను ముంచింది. బొమ్మ నుంచి బుడబుడమని బుడగలు లేచాయి.

"అమ్మ ఊపిరి తీసుకుంటోంది!" అని కేక వేసింది.

కాసేపటికి బుడగలు ఆగిపోయాయి. కాలిన కుండను నీళ్లలో ముంచినా అలాగే వస్తాయి. ఆ సంగతి ఆ పిల్లకు తెలియనిది కాదు.

ఇంతలో వాన మొదలైంది. జనమంతా చూరుల కిందకు పరిగెత్తారు. నూకాలు మాత్రం తడుస్తూనే, తల్లిని కొంగు కింద దాచుకుంది.