చాల్లే

“ఆ మాట నోట్లోంచి రానివ్వొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు,” అంది నూకరత్నం. ఆవిడ రెండు చేతులూ మొగుడి వీపు మీద అట్లకాడల్లా బిగుసుకుపోయి ఉన్నాయి.

“నవ్వొచ్చి అన్నానే. నొప్పొచ్చి కాదు,” అన్నాడు చిట్టబ్బాయి.

“నాకు తెలుసు. దీనికి తెలీదుగా. ఇంక అరగంట ఇలాగే పడుండండి.”

ఇది వాళ్లకి పాత తగువే. నూకరత్నం ఒంటికి పొర అంటించుకున్న నెల నుంచీ ఉంది.

చిట్టబ్బాయిది పుట్టుకతోనే ఉల్లిపొర లాంటి చర్మం. చొక్కా కుట్టు రాసుకున్నా బొబ్బ లేస్తుంది. పెళ్లయ్యాక రెండేళ్లు ఇద్దరూ వేరే వేరే చాపల మీద పడుకున్నారు. ఆఖరికి నూకరత్నమే డ్రైవర్ లేని బస్సెక్కి మొగుణ్ణి కాకినాడ తీసుకెళ్లింది. చర్మాల డాక్టరు నస్రీన్ ముందు కూర్చుని, “పిల్లల కోసం కాదమ్మా. మొగుడూ పెళ్లాల్లా ఉండాలి. ఎలాగ?” అని అడిగేసింది.

నస్రీన్ కూడా దాచకుండా చెప్పింది. పుండున్న రోజు ఆగాలి. తొందర పనికిరాదు. పొడిగా ఉండకూడదు, జెల్ రాసుకోవాలి. కింద ఉన్నదీ చర్మమే, అక్కడ మంట పుడితే సిగ్గుపడకుండా రావాలి. అదంతా అయ్యాక పొర చూపించింది. పాల మీగడంత పల్చన. పెళ్లాం ఒంటికి ఒకసారి అంటిస్తే మళ్లీ తియ్యక్కర్లేదు. లోపలున్న సెన్సార్లు చేతి బరువు తగ్గిస్తాయి.

“కానీ ఎదుటి మనిషి నొప్పి దీనికి తెలీదు,” అంది నస్రీన్. “అది ఆయనే చెప్పాలి. ఆయన గొంతులో ఒక మాట వినగానే అరగంట బిగుసుకుపోతుంది. ఆ మాట పొరలో ఉన్న చిప్‌లో ఒక్కసారే ఎక్కించగలం. ఏం పెట్టను?”

“చాలు,” అన్నాడు చిట్టబ్బాయి, ఇంకేం తోచక.

అదే తప్పయింది. పెళ్లాం చక్కిలిగింతలు పెడితే ఏ మొగుడు “చాల్లే” అనకుండా ఉంటాడు? పొరకి రెండూ ఒకటే. అన్నం వడ్డించేటప్పుడు నవ్వుతూ “చాల్లే” అన్నా గరిటె గాల్లో ఆగిపోయేది. దాంతో కంచం మీద చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకున్నాడు. పోను పోను పక్కలో నోరు విప్పడమే మానేశాడు. బొబ్బలకి కట్టు కడుతూ ఆవిడ, “నొప్పనిపించలేదా?” అంటే, “దుప్పటి రాసుకుందిలే,” అనేవాడు.

ఏడేళ్లకి జ్వరమొచ్చి పోయాడు.

మాసికం అయిన మర్నాడు మధ్యాహ్నం నూకరత్నం తనొక్కదానికే వడ్డించుకుంటోంది. గరిటె గాల్లో ఆగిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. తలుపు గడియ వేసే ఉంది. అరగంట అలాగే కూర్చుంది. అన్నం చల్లారిపోయింది.

మర్నాడు కాకినాడలో నస్రీన్ చిప్‌ని కంప్యూటర్‌తో చూసింది. “ఆగిన ప్రతిసారీ ఆ గొంతు రికార్డవుతుంది. మొత్తం నలభై మూడున్నాయి. ఒకటి నిన్నటిది.”

“నిన్న ఎవరమ్మా అంది?”

“మిషన్ ఆయన గొంతే అంటోంది. పొరపాటు పడి ఉండొచ్చు.”

“ముందు పాతవి పెట్టు.”

నలభై రెండూ విన్నారు. చాల్లే. ఊరుకో, చాల్లే. చాల్లే రత్నం, పక్కింటోళ్లు వింటారు. అన్నిట్లోనూ నవ్వే. ఒక్క “చాలు” కూడా లేదు.

“మరా బొబ్బలన్నీ?” అంది నూకరత్నం.

నస్రీన్ కంప్యూటర్‌ని ఆఖరి రికార్డు ముందు ఆపింది.

“నొప్పొచ్చినప్పుడు ఒక్కసారీ అనలేదన్నమాట. అంటే నా చెయ్యి ఆగిపోతుందని.”

“ఆఖరిది పెట్టనా?”

నూకరత్నం లేచి కొంగు సర్దుకుంది. “వద్దు. దాన్లో నవ్వు లేకపోతే ఇప్పుడు నేనేం చెయ్యగలను?”

రికార్డు వినడానికి ఒక్కోదానికి ఇరవై రూపాయలు. కౌంటర్లో నలభై మూడింటికీ కలిపి ఎనిమిది వందల అరవై రాసిచ్చారు. ఆవిడ నిలబడి బిల్లు తిరగరాయించింది. కట్టింది ఎనిమిది వందల నలభై.