నిటారు కోత

ఆ పొద్దున దర్జీ చేతిలో ఉన్నది ఇంత: రెండు కుట్టుమిషన్లు, వీధిలోకి తెరుచుకునే ముందుగది, కాజాలు కుట్టిపెట్టే చెల్లెలు, ముప్పై ఏళ్లు నిండిన కూతురు. భార్య పోయి ఇరవై రెండేళ్లయింది. వీటన్నిటికంటే విలువైనది వెనక గదిలో హ్యాంగరుకి వేలాడుతోంది. కూతురు నెల రోజులు కూర్చుని కుట్టిన కోటు అది. పదకొండు గంటలకి దాన్ని బట్టల కంపెనీ మేనేజరుకి చూపిస్తే ఆమెకి కటింగ్ మాస్టర్ ఉద్యోగం దాదాపు ఖాయం.

వ్యాపారం తెలిసినవాడు కాబట్టి నష్టం ఎటునుంచి రాగలదో కూడా ఆయన అంచనా వేసుకున్నాడు. టైలరింగ్ పరీక్ష రోజున ఆమె ఎక్కాల్సిన బస్సు ఎక్కలేదు. ఒక పెద్ద షాపువాళ్లు నమూనాకి గౌను అడిగితే, ఇవ్వాల్సిన రోజునే ఇస్త్రీపెట్టె దానిమీద పెట్టి మరిచిపోయింది.

“ఈసారైనా అమ్మగారు టైముకి బయల్దేరతారా?” అన్నాడు చెల్లెలితో, కూతురున్న వెనక గది వైపు చూస్తూ.

“నువ్వు నోరు మూసుకుంటే బయల్దేరుతుంది. లేచిన దగ్గర్నుంచి ఏడుసార్లు అడిగావు. గడియారం కూడా అన్నిసార్లు కొట్టలేదన్నయ్యా.”

వెనక గదిలో కత్తెర చప్పుడైంది. పూర్తయిన కోటుకి కత్తెరతో పనేముంది? ఆయన గబగబా లోపలికి వెళ్లాడు. కోటు బల్లమీద పరిచి ఉంది. కాలర్ మధ్యకి తెగి ఉంది.

“జారింది నాన్నా,” అంది కూతురు.

ఆయన వంగి చూశాడు. “జారిన కోత వంకర పోతుంది. ఇది స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంది. నలభై ఏళ్లుగా కత్తెర పట్టినవాణ్ణి, నాకే చెబుతావా? ఎందుకే? నోటిదాకా వచ్చిన ముద్దని ప్రతిసారీ నువ్వే ఎందుకు తోసేస్తావ్?”

ఆమె కత్తెర బల్లమీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. “ఎలాగూ విప్పేస్తారుగా. ఆ పనేదో నేనే చేసేసుకుంటే ఎదురుచూడక్కర్లేదు.”

“ఎవరు విప్పుతారు?”

“నువ్వు.”

ఆ కొట్టుకి ఒక పద్ధతి ఉంది. పని నేర్చుకునేవాళ్లు మొదట కుట్టి తెచ్చినదాన్ని ఆయన చూడకుండానే బ్లేడుతో విప్పి చేతిలో పెడతాడు. రెండోసారి కుట్టిందే లెక్క. ఆయన గురువు ఆయనకి అలాగే నేర్పాడు.

“అమ్మ పోయిన నెలకి, అమ్మ దుప్పటి ముక్కతో దిండుగలీబు కుట్టాను. నీ తలకిందకి. ఎనిమిదేళ్లు నాకు. పరిగెత్తుకొచ్చి ఇస్తే, ఎవరితోనో మాట్లాడుతూనే విప్పేశావు. చూడనైనా లేదు.”

“పని రావాలని తల్లీ... మా గురువు నాకూ అంతే చేశాడు.”

“ఆయన గురువు నాన్నా. సాయంత్రమైతే నువ్వు మీ నాన్న దగ్గరికి వెళ్లేవాడివి. నేనెక్కడికి వెళ్లను?”

గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కోటు చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నేళ్లలో కూతురి పనిలో విప్పడానికి దారపు కొస ఎక్కడుందా అని వెతక్కుండా చూడటం అదే మొదటిసారి. భుజం దగ్గర ముడత లేదు, లాగుడు లేదు. అలాంటి భుజం ఆయనకి ఎప్పుడూ కుదరలేదు.

“బాగుంది. ఈ భుజం నాకు చేతకాదు,” అన్నాడు.

“పాడైపోయింది కదా, ఇప్పుడు బాగానే ఉంటుంది.”

ఆయన కోటు మళ్లీ బల్లమీద పెట్టాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

మేనత్త ముందుకొచ్చి కోటు మడిచి సంచిలో పెట్టింది. “ఇలాగే తీసుకెళ్లు. బస్సు తప్పిందనీ కత్తెర జారిందనీ చెప్పకు. ‘నా చేత్తో నేనే కోశాను’ అని ఒప్పుకో. తిడితే తిట్టించుకుని రా. నేను రోజూ మీ నాన్న చేత తిట్లు తినట్లేదూ?”

కూతురు వెళ్లింది. రెండింటికి తిరిగొచ్చింది. చెప్పులు విప్పకుండానే చెప్పింది.

“నేనే కోశానన్నాను. ఎందుకని అడిగారు మేనేజరుగారు. భయమేసిందన్నాను. భుజాలు చాలా బాగున్నాయన్నారు. కానీ కంపెనీ గుడ్డంతా ఇలాంటి చేతిలో పెట్టలేమన్నారు.”

“వాళ్ల మొహం!” అంది మేనత్త.

“వాళ్లది తప్పు కాదత్తా,” అంటూనే కూతురు గోడకి చేరగిలబడి, ముఖం దాచుకోకుండా ఏడ్చింది. దగ్గరికి తీసుకోవడం ఆయనకి అలవాటు లేని పని. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు.

“నిన్ను కోతలకి అలవాటు చేసింది నేనే తల్లీ. తప్పు నాది.”

“తెలుసు. కానీ ఇవాళ కోసింది నేను,” అంది ఆమె.

కాసేపటికి లేచి ముఖం కడుక్కుని, మిగిలిన గుడ్డలోంచి కొత్త కాలర్‌కి కొలత పెట్టింది. ఆయన లేచి గుమ్మం వైపు నడిచాడు.

“ఎక్కడికి?”

“బయట కూర్చుంటా. పిలిస్తేనే వస్తా.”

సాయంత్రం పిలిచింది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చూశాడు.

“కాలర్ కుడివైపు ఒక నూలు పోగంత ఎత్తుగా ఉంది కదా?” అని అడిగింది ఆమె.

“ఉంది,” అన్నాడు ఆయన. అబద్ధం చెబితే ఆమె ఇంకెప్పటికీ నమ్మదు. “ఉండనీ. బాగుంది.”

ఆమె చెయ్యి కత్తెర దాకా వెళ్లింది. దానిమీద కాసేపు ఆగింది. తర్వాత వెనక్కి వచ్చి, కోటుని హ్యాంగరుకి తగిలించింది.

ఆ రోజు లెక్క ఇది. పోయినవి ఒక ఉద్యోగం, ఎవరూ తిరిగి ఇవ్వలేని ఇరవై రెండేళ్లు. వచ్చింది, ఎవరూ విప్పకుండా మిగిలిన ఒక కోటు.