మేడ గదిలో మొరాయించిన కొత్త పెట్టె

ఆ మేడ మీది గది గురించి ఎవరైనా మంచిమాట చెప్పారంటే, వాళ్ళు దాని మెట్లెక్కలేదని అర్థం. ఎక్కినవాళ్ళు ముందు చెప్పేది వాసన గురించే. మొదట ఫినాయిల్ వాసన వస్తుందట, దాని వెనకాల ఇంకొకటి... ఫినాయిల్‌కి లొంగనిది.

ఆ గదిలో ఒక పెద్దాయన పోయాడు. పోవడంలో వింతేముంది, అందరం పోయేవాళ్ళమే. కానీ ఆయన పోయిన సంగతి కింద వాటాలో ఉన్న సొంత మనుషులకి మూడో రోజుకి గానీ తెలియలేదు. అదీ వాసన మెట్లు దిగివస్తే తెలిసింది! అప్పటినుంచి ఆ గదిలో ఏ కంప్యూటరు పెట్టినా లేవదనీ, లేచినా ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు నీలుగుతుందనీ, బల్ల లోపలినుంచి వేలితో కొట్టినట్టు చప్పుడొస్తుందనీ చెప్పుకుంటారు. పెద్దాయన పెట్టె ముందు కూర్చునే పోయాడట — ఇంకా లేవలేదంటారు.

సబ్బు చెప్పగా విన్నవాళ్ళు చెప్పిన కథ ఇది. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

సబ్బు కంప్యూటర్లు కట్టే మెకానిక్. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది వాళ్ళకే గుర్తుండాలి. పనికి ముందోసారి, తర్వాతోసారి, మధ్యలో రెండుసార్లు చేతులు కడుక్కుంటాడు కనక వీధిలో అందరికీ సబ్బే. అతన్నని ఏం లాభం? జనం తెచ్చే సరుకు అలాంటిది. కీబోర్డు బోర్లిస్తే గోళ్ళ ముక్కలు, వెంట్రుకలు, బిస్కెట్ల పొడి. ఫ్యాను రెక్కలకి వేలితో గీస్తే ఊడొచ్చే జిడ్డు. ఒకసారి ఎవరిదో పెట్టె విప్పితే లోపల బొద్దింకల సంసారం, పిల్లా జెల్లాతో సహా. ముఖానికి పౌడరు పూసుకుని తిరిగే మనుషులు పదివేళ్ళూ పెట్టే చోటుని ఇలా ఎలా ఉంచుకుంటారో అతనికి ఇప్పటికీ అర్థం కాదు. తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకని అతనిది ఒకటే నియమం. రిపేరుకి పెట్టె ఒక్కటే తేవాలి. వైర్లు, కీబోర్డులు, ఇంకే తోకలూ కొట్టు గడప దాటకూడదు. తన బల్ల మీద, తను తుడిచి పెట్టుకున్న వైర్లతోనే పరీక్ష చేస్తాడు. ఎవరింటికీ వెళ్ళడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటాడు.

ఆ పెద్దాయన కూడా బతికుండగా ఒకసారి ఫోన్ చేశాడు. "ఏదో టక్కుటక్కుమంటోంది నాయనా, పెట్టె లేవడానికి యుగం పడుతోంది. మెట్లు దిగి రాలేను, ఓ గంట వచ్చి చూసిపో" అన్నాడు. "పెట్టె పంపించండి, చూస్తాను" అన్నాడు సబ్బు. పంపడానికి ఆయనకెవరున్నారు? అది అక్కడితో ఆగిపోయింది.

పరాయివాడేం కాదు. సబ్బు పిన్నికి స్వయానా బావగారు, చనిపోయిన ఆమె భర్తకి అన్న. ఆ కింద వాటాలో ఉండేది పిన్నీ, ఆమె కూతురూ. ఆ అమ్మాయికి, అంటే సబ్బుకి చెల్లెలికి, ఇంట్లో కూర్చుని చేసే పనొకటి దొరికింది. డాక్టర్లు మాట్లాడి పంపిన రిపోర్టులు విని టైపు చేయాలి. మొదటి వారం పరీక్ష. పొద్దున్న ఎనిమిదింటికల్లా కంప్యూటరులో హాజరు పడాలి, మూడుసార్లు ఆలస్యమైతే ఇక రానక్కర్లేదు. రెండేళ్ళు వెతగ్గా వెతగ్గా దొరికిన పని అది.

ఇంటర్నెట్ తీగ మేడ గదిలోకే ఉంది. అక్కడున్న పెద్దాయన పాత పెట్టె లేవకపోతే, ముసలిది కదా అనుకుని సబ్బు చేత కొత్తది కట్టించారు. కొట్లో అది పన్నెండు సెకన్లలో లేచి కూర్చుంది. సబ్బు మురిసిపోయాడు. తీసుకెళ్ళి ఆ గదిలో పెట్టగానే నాలుగు నిమిషాలు! నల్లటి తెర మీద ఒక చిన్న తెల్లగీత, మిణుకు... మిణుకు... అంతే.

చెల్లెలు పెట్టెని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కొట్టుకి తెచ్చింది. పన్నెండు సెకన్లు. ఇంటికి తీసుకెళితే పదకొండు నిమిషాలు. మళ్ళీ తెచ్చింది. సబ్బు మెమరీ ముక్కలు మార్చాడు, లోపలిదంతా చెరిపి కొత్తగా ఎక్కించాడు. పన్నెండు సెకన్లు. ఇంటికెళితే ముప్పావుగంట. ఇంట గెలుస్తోంది గానీ రచ్చ గెలవడం లేదు. ఆపకుండా ఉంచుదామంటే ఆ వారం కరెంటు చెప్పాపెట్టకుండా పోతోంది. అలా రెండు రోజులు ఆలస్యమైంది.

"గదిలోనే ఏదో ఉంది" అన్నాడు సబ్బు, వెటకారంగా.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస" అంది చెల్లెలు. తర్వాత గొంతు తగ్గించి, "అన్నయ్యా... నిజంగానే ఉందేమో. బల్లలోంచి కొడుతున్నట్టుంటుంది. నేనక్కడ ఒక్కదాన్నే కూర్చోలేకపోతున్నా. రేపు కూడా ఆలస్యమైతే నన్ను తీసేస్తారు" అని ఏడ్చేసింది.

ఆ మాటకి సబ్బు తన నియమాన్ని తనే తుంగలో తొక్కాడు. ఆ రాత్రి కొట్టు కట్టేసి, జేబులో కొత్త సబ్బుబిళ్ళ వేసుకుని బయల్దేరాడు.

చెల్లెలు తలుపు దాకా వచ్చి, తాళం తీసి ఇచ్చి, "టీ పెడతా" అని దిగిపోయింది. లోపలికి రాలేదు.

లైటు వేశాడు. స్విచ్చు వేలికి అంటుకుంది. చేతిరుమాలుతో వేలు తుడుచుకుని, ఆ రుమాలు జేబులో పెట్టుకోవడానికి మనసొప్పక కిటికీలో పడేశాడు. గది కడిగించామని పిన్ని చెప్పింది. కడగడమంటే గుమ్మంలో నిలబడి బకెట్లు విసరడం కాబోలు. నీళ్ళు పారినంత మేర నేల తెల్లగా ఉంది. గోడలోకి బిగించిన బల్ల కింద మాత్రం ఏనాటి నలుపో అలాగే ఉంది. అక్కడ అంచు సొట్టలు పడ్డ స్టీలు గ్లాసొకటి దొర్లి ఉంది, అడుగున ఎండిన పాలు పసుపుపచ్చ పొలుసులై. దాని వెనక గోడ అడుగున సున్నం రాలి రూపాయి బిళ్ళంత గుంట. ఎలుకలనుకున్నాడు. గ్లాసుని బూటు కొనతో అవతలికి నెట్టాడు.

పెట్టె మీట నొక్కాడు.

ఒకటి... రెండు... పన్నెండు దాటింది. ఇరవై. నలభై. నల్లటి తెర, తెల్లగీత.

అప్పుడు వినిపించింది.

టక్.

సబ్బు ఊపిరి బిగబట్టాడు.

టక్... టక్...

ఫ్యాను కాదు. ఫ్యాను రొద అతనికి నిద్రలో కూడా తెలుస్తుంది. పెట్టెకి చెవి ఆనించాడు. అందులోంచి రావడం లేదు. బల్లలోంచి — మూసి ఉన్న సొరుగులోంచి — చాలా సన్నగా, ఓపిక లేని వేలితో ఎవరో తట్టినట్టు...

పారిపోదామనుకున్నాడట. నిజాయితీగా చెప్పాడు. దెయ్యం భయం సగమే, ఆ సొరుగు పిడి పట్టుకోవాలన్న అసహ్యం సగం. పిడి మీద జిడ్డు నల్లగా గడ్డకట్టి, అందులో ఒక తెల్లవెంట్రుక ఇరుక్కుని ఉంది.

చెల్లెలి ఏడుపు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. ఒక్కసారిగా ఊడొచ్చింది...

లోపలినుంచి పళ్ళు ఇకిలించాయి.

సబ్బు అరిచిన అరుపు కింద టీ గిన్నె దాకా వినిపించిందట. పళ్ళసెట్టు! పెద్దాయనది. చుట్టూ బూజుపట్టిన బిస్కెట్లు, వాటి మీద చీమల బారు, బొద్దింకల గుడ్లు, ఒకదానికొకటి అంటుకుపోయిన కాగితాలు. ఆ కాగితాల అడుగున ఏదో ఉలిక్కిపడుతోంది.

టక్... టక్...

సబ్బు నోటితో ఊపిరి పీలుస్తూ చెయ్యి పెట్టాడు. మెత్తటిదేదో వేళ్ళ కింద చితికింది. అదేమిటో చూడలేదు. పట్టుకున్నది బయటికి లాగాడు.

అరచేతిలో ఇమిడే చిన్న హార్డ్‌డిస్కు! ఫైళ్ళు దాచుకోవడానికి బయటినుంచి తగిలించుకునేది. దాని వైరు సొరుగు వెనక చిల్లులోంచి బల్ల మీది వైర్ల గుంపులో కలిసింది. లోపలి ముల్లు చెడి అది కొట్టుకుంటోంది. పెట్టె లేచినప్పుడల్లా ముందు దీన్ని పలకరిస్తుంది, ఇది జవాబివ్వదు, పెట్టె జవాబు కోసం కూర్చుంటుంది. కొట్టుకి వైర్లు తేవద్దని శాసించింది ఎవరు? తనే! చెల్లెలు బల్ల మీద దొరికిన వైర్లన్నీ వరసగా తగిలించింది, తను వాటి ముఖం చూడకుండా పెట్టెనే రెండుసార్లు కోశాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

వైరు పీకాడు. మీట నొక్కాడు.

పన్నెండు సెకన్లు.

ఆపి మళ్ళీ నొక్కాడు. పన్నెండే. సబ్బుకి నవ్వొచ్చింది. దెయ్యాన్ని గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగాడు.

పిన్ని హాలు అద్దంలా ఉంది. ఆమె డిస్కుని చూసి ముక్కు మూసుకుని, "ఛీ, బయట పారెయ్యి నాయనా. ముందు చెయ్యి కడుక్కో" అంది. చెల్లెలు వంటింట్లోంచే "లేచిందా అన్నయ్యా?" అని కేకేసి, లేచిందని వినగానే, "రేపు నీకు సబ్బుల పెట్టె కొనిపెడతా!" అంది.

సబ్బు కుళాయి తిప్పి బిళ్ళ రుద్దుకుంటున్నాడు. వెనకనుంచి పిన్ని తన ధోరణిలో చెప్పుకుపోతోంది.

"పీడ విరగడైంది. ఆయనున్నప్పుడూ ఇదే గోల. ఆఖరి రెండు రాత్రులైతే మాకు కంటిమీద కునుకు లేదనుకో. టక్కు టక్కు టక్కుమని..."

"కిందికి వినిపించిందా పిన్నీ?"

"ఎందుకు వినపడదూ! నెత్తిమీద కొట్టినట్టుండేది."

సబ్బు చేతులు ఆగాయి. గదిలో నిలబడి ఊపిరి బిగబడితే గానీ తనకి వినపడని చప్పుడు అది.

"పైకెళ్ళి చూడలేదా?"

"ఆ కంపులోకి ఎవడెళతాడు నాయనా! ఒక్కసారి తొంగిచూస్తే రెండు పూటలు అన్నం సయించేది కాదు. ఆ దిక్కుమాలిన కంప్యూటరే కదా అనుకున్నాం. మొదటి రాత్రే మేడ మెయిన్ ఆపేశా, ఇదిగో ఈ హాల్లోనే ఉంది స్విచ్చు. అయినా ఆగితేనా! మర్నాడు పగలంతా, ఆ రాత్రంతా కొట్టుకుంటూనే ఉంది. తెల్లవారుజామున ఆగింది."

కుళాయి పారుతోంది. సబ్బు కట్టలేదు.

"గదిలో బ్యాటరీ గానీ... ఇంకేదైనా..."

"అన్నీ ఎక్కడివి? ఒక్క లైటు, ఫ్యాను, ఆ పెట్టె. ఎందుకు?"

ఆ డిస్కుకి సొంత ఊపిరి లేదు. పెట్టెలోంచి వచ్చే కరెంటుతోనే బతుకుతుంది. పెట్టె ఆగితే ఇదీ ఆగుతుంది. మెయిన్ ఆపాక రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు...

సబ్బు నురగ చేతులతోనే మళ్ళీ మెట్లెక్కాడు. ఈసారి లైటు వెయ్యలేదు. బల్ల కింద మోకాళ్ళ మీద పాకి, ఆ నలుపులో చెయ్యి పెట్టి తడిమాడు. నేల మీద పడిపోయి లేవలేని మనిషి చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుందో అంత ఎత్తులోనే ఉంది గోడ గుంట.

కిందికొచ్చి, పిన్ని తళతళలాడే భోజనాల బల్ల ముందు నిలబడ్డాడు. పైనుంచి తెచ్చిన సొట్ట గ్లాసు అంచుతో దాని మీద మెల్లిగా కొట్టాడు.

టక్... టక్... టక్...

పిన్ని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏం చేస్తున్నావురా... ఆపు" అంది, పెదాలతోనే.

గిన్నె కిందపడ్డ చప్పుడైంది. వంటింట్లోంచి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. ఆ అమ్మాయికి సబ్బు వీపే కనబడుతోంది, చేతిలో గ్లాసు కనబడలేదు.

"అమ్మా! మళ్ళీ మొదలైంది... పెదనాన్న పోయినప్పటి చప్పుడు! గదిలో నేను రోజూ వింటున్నది కాదు, ఇదే... ఇదే అమ్మా!"

సబ్బు గ్లాసుని బల్ల నడిమధ్య పెట్టాడు. ఎవరివల్ల తనకి డోకు వస్తోందో తేల్చుకోలేకపోయాడట. "ఓ గంట వచ్చి చూసిపో నాయనా" అన్న ఫోన్ కాల్ అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

వీధిలోకి వచ్చేశాక చూసుకుంటే చేతులకి నురగ ఇంకా అలాగే ఉంది.