ఏట్లో దించిన తాడు

మా ఊరి దగ్గర గుండ్లకమ్మని ఇప్పుడు ఏరనడం అలవాటు కొద్దీ అనడమే. ఇసకంతా లారీలెక్కి ఊళ్లల్లో మేడలైపోయింది. మా నాన్న కాలంలో చేత్తో ఇసక తోడితే చాలు, చెలమలో నీళ్లూరేవి. మేం పొక్లెయిన్‌తో తాటిచెట్టు లోతు తవ్వించి, సిమెంటు ఒరలు దించి, మోటారు బిగించాం. మిరపకి ఇంకొక్క తడి కావాలి. అది అందకపోతే ఈ ఏడు పంట లేదు. ఏరు ఏమైపోతే మాకెందుకు?

పొద్దుగూకే వేళకి మోటారు నీళ్లకి బదులు గాలి పీల్చడం మొదలుపెట్టింది. అడుగున పైపు మూతికి చెత్త పట్టినట్టుంది. మోటారు ఆపాను. నా బావమరిది బుడే నడుముకి తాడు కట్టుకున్నాడు.

"రేపు చూద్దాంలేరా," అన్నాను.

"రేపటికి పైరు ఎండుద్ది బావా. నువ్వు తాడు వదలమాక, చాలు," అని దిగాడు.

తల్లి పోయాక వాణ్ణి పెంచింది నా భార్య హీనాయే. వాడికేమన్నా అయితే నేనిక ఇంటికి వెళ్లక్కర్లేదు. తాడు రెండు చేతులా బిగించి పట్టుకున్నాను.

గుంతలోంచి చల్లగాలి వచ్చింది. పాత బురద వాసన. ఆ తర్వాత నీళ్ల హోరు... ఎండిన ఏటి అడుగున వరద పారుతున్నట్టు.

"బుడే?"

గుంతలోకి వంగి చూశాను.

భుజం మీద తడి చెయ్యి పడింది. తిరిగి చూస్తే బుడే. నా వెనకే నిలబడ్డాడు. వాడి నడుముకి తాడు లేదు.

ఎటునుంచి ఎక్కావురా అని అడగబోయాను. నా చేతుల్లో తాడు బిగుసుకుంది.

"బావా... లాగు..." కిందనుంచి బుడే గొంతు. "ఊపిరాడట్లా..."

"వదిలెయ్ బావా," వెనకనుంచి అదే గొంతు. "అది నేను కాదు."

కింద చీకటి. నా వెనక హీనా తమ్ముడి మొహం, హీనా కళ్లు. కనిపిస్తున్నవాణ్ణే నమ్మాను.

తాడు వదిలేశాను. సరసరా లోపలికి జారిపోయింది. స్విచ్ ఎవరూ వేయలేదు... మోటారు నిండు గొట్టంతో నీళ్లు పోసింది. చేను తెల్లారేదాకా తాగింది.

మర్నాడు మధ్యాహ్నం హీనా నాకూ బుడేకీ అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది. వంగి నా చెవిలో అడిగింది.

"ఏమండీ, వీడేంటి ఎడమ చేత్తో తింటున్నాడు?"